రిపోర్టులో ఉన్న ఐజీఈ, ఒంట్లో ఉన్న ఐజీఈ

(అనంతపురంలో డిగ్రీ సైన్సు విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక నా ప్రసంగం పెట్టారు. నిద్ర వస్తే మొహమాటపడొద్దు, వెనక వరసలో ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయి. (నవ్వులు)

1919లో న్యూయార్కులో రామిరెజ్ అనే డాక్టరు ఒక కేసు రాశాడు. రక్తహీనతతో బాధపడుతున్న ఒకాయనకు రక్తం ఎక్కించారు. అంతకుముందు ఆయనకు ఆయాసం లేదు, ఉబ్బసం లేదు. కొన్నాళ్ళు పోయాక గుర్రబ్బండి ఎక్కి షికారుకు బయల్దేరితే దారిలోనే ఊపిరాడక ఉక్కిరిబిక్కిరి అయిపోయాడు. ఆరా తీస్తే తేలిందేమంటే, రక్తమిచ్చిన మనిషికి గుర్రాలు పడవు. అంటే అలర్జీ ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి రక్తంతో పాటు వెళ్ళింది. రక్తంలో ఏదో ఉంది. ఆ ‘ఏదో’నే ఇవాళ ఐజీఈ అంటున్నాం, ఒంట్లోకొచ్చిన పరాయి పదార్థాలను పట్టుకునే యాంటీబాడీ అనే ప్రొటీన్లలో అదొక రకం. దాన్ని కనిపెట్టడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. ఎందుకంత ఆలస్యమైందో అర్థమైతే, మీ చేతికొచ్చే అలర్జీ రిపోర్టును ఎలా చదవాలో సగం అర్థమైనట్టే.

రెండేళ్ళ తర్వాత, 1921లో, జర్మనీలో ప్రౌస్‌నిట్జ్, కుస్ట్నర్ అని ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కుస్ట్నర్‌కు వండిన చేప పడదు. ఆయన సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, తీసి ప్రౌస్‌నిట్జ్ తన చర్మంలోకి సూదితో ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకుంటే ఆ చోటు వరకే దద్దు లేచి, చుట్టూ ఎర్రబడింది. పక్కనున్న చర్మంలో ఏమీ లేదు. ఇందులో రెండు సంగతులు పట్టుకోండి. ఒకటి, సీరంలో ఉన్న పదార్థం అలర్జీని మోసుకొస్తోంది. రెండోది, ఎక్కించిన చోటే మర్నాటి దాకా అది కదలకుండా అతుక్కుని ఉంది. మామూలు ప్రొటీను అయితే ఈపాటికి కొట్టుకుపోవాలి కదా! దీనికి ‘రియాజిన్’ అని పేరు పెట్టుకుని, చర్మం మీద పరీక్షలు చేస్తూ దశాబ్దాలు గడిపారు. ఒకరి సీరం ఇంకొకరికి ఎక్కిస్తే కామెర్లు కూడా ఎక్కుతాయని తెలిశాక ఆ పరీక్షను వదిలేశారు. ఈ రోజుల్లో ఎవరైనా అలా చేస్తామంటే ఎథిక్స్ కమిటీ గేటు దగ్గరే ఆపేస్తుంది.

మరి ఆ పదార్థాన్ని విడదీసి చూడలేకపోవడానికి కారణం? అది అంత తక్కువగా ఉంది కాబట్టి. లెక్క చూద్దాం. పెన్ను ఉన్నవాళ్ళు రాసుకోండి. మన రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీ మిల్లీలీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాములుంటుంది. ఐజీఈని అంతర్జాతీయ యూనిట్లలో కొలుస్తాం. ఒక యూనిట్ అంటే 2.4 నానోగ్రాములు. రిపోర్టులో 100 యూనిట్లు అని వస్తే మిల్లీలీటరుకు 240 నానోగ్రాములన్నమాట. 10 మిల్లీగ్రాములంటే కోటి నానోగ్రాములు. భాగించండి. ఐజీజీ 40 వేల రెట్లు ఎక్కువ. ఆనాటి పరికరాలతో సీరం ప్రొటీన్లను ఎంత విడదీసినా, ఐజీజీ, ఐజీఏ అనే ఇతర యాంటీబాడీల గుంపుల్లో ఇది మునిగిపోయేది. చాలాకాలం రియాజిన్ అంటే ఐజీఏ అనే అనుకున్నారు.

1966లో అమెరికాలోని డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, కిమిషిగె, తెరుకో, రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి పడని రోగుల సీరంతో పనిచేసి, ఇది ఇంతవరకు తెలిసిన యాంటీబాడీల్లో ఏదీ కాదని చూపించారు. అదే సమయంలో స్వీడన్‌లోని ఉప్సలాలో యోహాన్సన్, బెన్నిక్ అనే ఇద్దరికి ఇంకో దారిలో అదే పదార్థం దొరికింది. మైలోమా అనే రక్త క్యాన్సరు వచ్చిన ఒక రోగి ఒంట్లో ఒక వింత యాంటీబాడీ కుప్పలుగా తయారవుతోంది. ఐజీజీ కాదు, ఐజీఏ కాదు, ఐజీఎమ్ కాదు. రోగి పొడి అక్షరాలతో దానికి ఐజీఎన్‌డీ అని పేరు పెట్టుకున్నారు. రెండు జట్లూ నమూనాలు ఇచ్చిపుచ్చుకుంటే రెండూ ఒకటే అని తేలింది. 1968లో లోజాన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశం దానికి ఐజీఈ అని పేరు ఖాయం చేసింది. నానోగ్రాముల్లో ఉన్నదాన్ని గ్రాముల్లో చూపించింది ఒక క్యాన్సరు రోగి శరీరం. ఆ రోగి లేకపోతే మనకు ఇంకెన్నాళ్ళు పట్టేదో.

ఇప్పుడు దీని గుణాలకొద్దాం. బరువు దాదాపు 190 కిలోడాల్టన్లు, ఐజీజీ 150. ఎందుకెక్కువ? యాంటీబాడీలోని పెద్ద ప్రొటీను గొలుసులో (హెవీ చెయిన్) దీనికి ఒక భాగం అదనంగా ఉంది, ఒంటినిండా చక్కెర గొలుసులు కూడా ఎక్కువ. మాయ దాటి తల్లి నుంచి బిడ్డకు పోదు. కాంప్లిమెంటును, అంటే క్రిములను చంపడానికి రక్తంలో ఉండే ప్రొటీన్ల గుంపును, ఐజీజీ లాగా కదిలించదు. ఇవి పరీక్షలో రాసే పాయింట్లు, రాసుకుని ముందుకు పదండి.

కాస్త ఆగి చూడాల్సింది వేడి సంగతి. ఐజీఈ ఉన్న సీరాన్ని 56 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు పెట్టి, మళ్ళీ ప్రౌస్‌నిట్జ్ చేసినట్టు చర్మంలోకి ఎక్కిస్తే దద్దు రాదు. ఐజీజీకి ఆ వేడి ఒక లెక్క కాదు. తమాషా ఏమంటే, వేడి చేసిన ఐజీఈ అలర్జీ తెచ్చే పదార్థాన్ని, అంటే తన అలర్జెన్‌ను ఇంకా పట్టుకుంటుంది. చేతులు బాగానే ఉన్నాయి, కాళ్ళే పోయాయి. అణువు కింది భాగంలో, చర్మంలో ఉండి అలర్జీని రేపే మాస్ట్ కణానికి అతుక్కునే చోట ఉన్న మడతలు వేడికి విప్పుకుపోయి మళ్ళీ ముడుచుకోవు. టెక్నీషియన్లు ఇక్కడ వినాలి. కాంప్లిమెంటును చంపడానికి సీరాన్ని 56 డిగ్రీల వాటర్ బాత్‌లో అరగంట పెట్టే అలవాటు కొన్ని ల్యాబుల్లో ఉంది. అట్లా చేసిన ట్యూబును ఐజీఈ పరీక్షకు వాడొద్దు. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం ఐజీఈ చక్కగా నిలుస్తుంది. వారానికి పైగా ఉంచాల్సి వస్తే మైనస్ 20లో పెట్టండి. మాటిమాటికీ కరిగించి గడ్డ కట్టించొద్దు.

రెండో గుణం, అతుక్కోవడం. మాస్ట్ కణాల మీద, బేసోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల మీద ఐజీఈ కోసమే ఉన్న గ్రాహకాలు, అంటే అది వచ్చి అతుక్కునే చోట్లు, ఉంటాయి, ఒక్కో కణం మీద లక్షల్లో. మన ఒంట్లో ఒక యాంటీబాడీకి, దాని గ్రాహకానికి మధ్య ఇంత గట్టి పట్టు ఇంకెక్కడా కనపడదు. రక్తంలో తిరిగే ఐజీఈ ఆయుష్షు చాలా తక్కువ. రెండు రోజుల్లో సగం పోతుంది, ఐజీజీకైతే దాదాపు 21 రోజులు. కానీ చర్మంలో మాస్ట్ కణం మీద కూర్చున్న ఐజీఈ వారాల తరబడి కదలదు.

1967లో స్టాన్‌వర్త్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఉప్సలా వాళ్ళతో కలిసి ఒక అందమైన ప్రయోగం చేశాడు. అలర్జీ రోగి సీరంలో ఆ మైలోమా ప్రొటీనును కలిపి చర్మంలోకి ఎక్కిస్తే, దద్దు రావడం ఆగిపోయింది. ఐజీజీ కలిపితే ఆగలేదు. మన బస్టాండులో ధర్మవరం బస్సు రాగానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటారు చూడండి, అదే జరిగింది. మైలోమా ఐజీఈ ఏ అలర్జెన్‌నూ పట్టదు, దానికి ఏ పనీ లేదు. కానీ సీట్లన్నీ అదే పట్టేసుకుంది. అలర్జీ ఐజీఈకి చోటు దొరకలేదు. (నవ్వులు) ఈ సీట్ల లెక్క మీదే ఈనాటి మందు ఒకటి నడుస్తోంది. ఒమాలిజుమాబ్. అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. ఐజీఈ అణువులో కణానికి అతుక్కునే చోటును ఈ మందు వెళ్ళి మూసేస్తుంది. ఇప్పటికే సీట్లో కూర్చున్న ఐజీఈని మాత్రం పట్టుకోలేదు, ఎందుకంటే ఆ చోటు సీటు కింద దాక్కుని ఉంది. అదే మంచిదైంది. కూర్చున్నదాన్ని పట్టుకుని లాగితే కణం పేలిపోయేది.

ఈ మందు వాడుతున్న రోగికి మొత్తం ఐజీఈ పరీక్ష, అంటే ఏ అలర్జెన్ మీదిదైనా అంతా కలిపి కొలిచేది, చేస్తే అంకె తగ్గదు, పెరుగుతుంది. మందుతో కలిసి ముడిపడ్డ ఐజీఈ రక్తంలోంచి మెల్లగా పోతుంది, మన యంత్రం దాన్ని కూడా కలిపి లెక్కపెడుతుంది. రోగి వచ్చి ‘ఇంత ఖర్చు పెట్టి సూదులేయించుకుంటే రెట్టింపైంది’ అని గాభరా పడతాడు. జబ్బు పెరగలేదని కౌంటర్లో ఉన్న మీకు తెలియాలి.

కణం పేలడానికి ఒక్క ఐజీఈ చాలదు. పక్కపక్కన కూర్చున్న రెండింటిని ఒకే అలర్జెన్ అణువు రెండు వైపులా పట్టుకుని కలపాలి. అప్పుడే కణం లోపల దాచుకున్న హిస్టమిన్, ట్రిప్టేస్ అనే పదార్థాలు బయటికొస్తాయి. దురద, దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం, అన్నీ నిమిషాల్లో. ఈ ‘రెండు’ అనే మాట పక్కన గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

పరీక్షకు వస్తే, ఐజీఈ దొరికిన మరుసటి ఏడాదే, 1967లో, స్వీడన్ వాళ్ళు రాస్ట్ అనే పరీక్ష కనిపెట్టారు. ఘన పదార్థం మీద అలర్జెన్‌ను అతికించి, దాని మీద రోగి సీరం పోస్తారు. కడిగేస్తారు. అతుక్కున్న ఐజీఈని రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన యాంటీ-ఐజీఈతో లెక్కపెడతారు. ఇప్పుడు అయోడిన్ పోయి ఎంజైము, ఫ్లోరోసెన్స్ వచ్చాయి. పద్ధతి అదే. ఇక్కడ మళ్ళీ ఆ 40 వేల రెట్ల సంగతి ముందుకొస్తుంది. చెనిక్కాయ ప్రొటీనుకు మీ ఒంట్లో ఐజీజీ కూడా ఉంటుంది, రోజూ తింటున్నారు కాబట్టి. ప్లేటు మీద అలర్జెన్ తక్కువగా ఉంటే ఐజీజీయే చోటంతా ఆక్రమిస్తుంది, ఐజీఈ తక్కువగా కనిపిస్తుంది. అందుకే మంచి కిట్టులో అలర్జెన్ అవసరానికి మించి దట్టంగా పెడతారు. చవక స్ట్రిప్పు కిట్లకూ మంచి కిట్లకూ తేడా చాలావరకు ఇక్కడే ఉంటుంది.

రిపోర్టులో ఒక్కో అలర్జెన్ పక్కన 0.35 యూనిట్లు అనే అంకె చూస్తుంటారు. పాత పరీక్షల్లో పాజిటివ్, నెగెటివ్‌ల మధ్య అది గీత. ఇప్పటి యంత్రాలు 0.1 దాకా కొలుస్తాయి. 0.35 నుంచి 0.7 దాకా ఒకటో క్లాసు, 100 దాటితే ఆరో క్లాసు. జనం దీన్ని మార్కుల్లాగా చదువుతారు. ఆరో క్లాసంటే ప్రాణాపాయం, ఒకటో క్లాసంటే ఫర్వాలేదు అని. అది తప్పు. క్లాసు చెప్పేది యాంటీబాడీ ఎంత ఉందన్నది. రియాక్షన్ ఎంత తీవ్రంగా వస్తుందో చెప్పదు.

మొన్నామధ్య ఒక తల్లి రిపోర్టు పట్టుకుని వచ్చింది. ఆరేళ్ళ పిల్లాడు. రాత్రిపూట దగ్గు, పొద్దున లేస్తే తుమ్ములు. ఎక్కడో పెద్ద ప్యానెల్, అంటే ఒకేసారి బోలెడు పదార్థాలకు ఐజీఈ పరీక్ష, చేయించారు. చెనిక్కాయ రెండో క్లాసు, గోధుమ ఒకటి, టమాట ఒకటి, వరి ఒకటి, నువ్వులు ఒకటి, కందిపప్పు కూడా. గడ్డి పుప్పొడి మూడు, దుమ్ము పురుగు నాలుగు. పాజిటివ్ వచ్చినవన్నీ మాన్పించమన్నారట. ‘సార్, బిడ్డకు ఇంక ఏం పెట్టాల?’ అని ఆయమ్మ అడిగిన ప్రశ్న. నేను అడిగింది ఒక్కటే. ‘ఇంతకుముందు చెనిక్కాయ చెట్నీ తినేవాడా?’ ‘ఇడ్లీలోకి రోజూ అదే కదా సార్.’ ‘తిన్నాక నోరు దురద పెట్టిందా, దద్దుర్లు లేచినాయా, వాంతి అయిందా?’ ‘ఎప్పుడూ లేదు.’

రోజూ తిని ఏమీ కానివాడికి చెనిక్కాయ అలర్జీ ఉందని ఆ కాగితం చెప్పలేదు. చదివినవాళ్ళు చెప్పారు. ఆ రిపోర్టు తీరు చూడండి. మొక్కల నుంచి వచ్చినవన్నీ కొంచెం కొంచెం పాజిటివ్, పుప్పొడి గట్టిగా పాజిటివ్. మొక్కల ప్రొటీన్ల మీద ఒకే రకమైన చక్కెర గొలుసులుంటాయి. పుప్పొడి వల్ల కొందరికి ఆ చక్కెర మీద ఐజీఈ తయారవుతుంది. ప్లేటు మీద ఉన్న చెనిక్కాయలోనూ, టమాటలోనూ అదే చక్కెర ఉంది కాబట్టి అన్నీ పాజిటివ్ అవుతాయి. ఒంట్లో మాత్రం ఏమీ కాదు. చాలా ప్రొటీన్ల మీద ఆ గొలుసు ఒక్కటే ఉంటుంది, రెండు ఐజీఈలను కలపలేదు అనేది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. ఆ ‘రెండు’ ఇందుకే గుర్తు పెట్టుకోమన్నాను. ఈ చక్కెరను సీరంలో ముందే కలిపి, దాని ఐజీఈని పక్కకు తీసేసి పరీక్ష చేసే పద్ధతి ఉంది. అప్పుడు తప్పుడు పాజిటివ్‌లు రాలిపోతాయి.

నిజంగా అనుమానముంటే చెనిక్కాయ మొత్తాన్ని కాకుండా అందులోని ఒక్కో ప్రొటీనును పరీక్షించొచ్చు. అరా హెచ్ 2 అనే ప్రొటీను ముఖ్యం. చిన్నది, గట్టి బంధాలతో బిగుసుకుని ఉంటుంది, వేయించినా కడుపులో జీర్ణరసాలు తగిలినా అంత సులభంగా చెడదు. దాని మీద ఐజీఈ ఉంటే జాగ్రత్త పడాల్సిందే. ఇంకో ముచ్చట. చెనిక్కాయను వేయిస్తే ఐజీఈ దాని ప్రొటీన్లను ఇంకా గట్టిగా పట్టుకుంటుందని, ఉడకబెడితే పట్టు తగ్గుతుందని ప్రయోగశాల అధ్యయనాల్లో తేలింది. మన జిల్లాలో రెండూ తింటాం, కాబట్టి ఈ సంగతి మనకు పనికొస్తుంది.

మన పొరుగు రాష్ట్రం కర్ణాటకలో పెద్దవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం 2016లో అచ్చయింది. ఏదో ఒక ఆహారం మీద ఐజీఈ ఉన్నవాళ్ళు నూటికి 26.5 మంది. ఆహార అలర్జీ నిజంగా ఉండొచ్చు అనదగ్గవాళ్ళు 1.2 మంది. బెంగళూరు మనకు ఎంత దూరం? మన రక్తం వాళ్ళ రక్తం కంటే వేరా? ఇలాంటి చోట వందమందికి ప్యానెల్ చేస్తే పాతికమందికి కాగితం మీద జబ్బు అంటగట్టినట్టే. అమెరికాలో శాంప్సన్ అనే డాక్టరు 2001లో, చెనిక్కాయ ఐజీఈ 14 దాటిన పిల్లల్లో నూటికి 95 మందికి నిజమైన అలర్జీ ఉంటుందని లెక్క కట్టాడు. అది ఆయన ఆసుపత్రికి వచ్చిన, అప్పటికే అలర్జీ ముదిరిన పిల్లల లెక్క. దాన్ని తెచ్చి గుత్తిలోనో కదిరిలోనో పిల్లాడి రిపోర్టుకు అతికిస్తే కుదరదు. తిరగేసి కూడా చెబుతున్నా. తిన్న పది నిమిషాల్లో పెదవులు వాచి, ఆయాసమొచ్చిన మనిషికి ఐజీఈ 0.2 వచ్చిందని ‘నీకేం లేదు, ఇంటికెళ్ళి తిని చూడు’ అనొద్దు. అట్లాంటి మనిషి తిని చూడాలంటే ఆసుపత్రిలో, అడ్రినలిన్ చేతికందేలా పెట్టుకుని, డాక్టరు ఎదురుగానే.

మొత్తం ఐజీఈ గురించి రెండు మాటలు. కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది. 800 వచ్చిందని అలర్జీ అనేయొద్దు, ముందు మలపరీక్ష చేయించారా అని అడగండి. ఉబ్బసం రోగి ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ బూజు వల్ల వచ్చే జబ్బును పట్టడానికి, దాని చికిత్సను గమనించడానికి మాత్రం ఈ అంకె బంగారం లాంటిది.

ఇప్పుడు కొన్ని కేంద్రాల్లో ‘ఆహార అసహనం’ అంటూ రెండువందల పదార్థాలకు ఐజీజీ పరీక్ష వేలకు వేలు తీసుకుని చేస్తున్నారు. తిన్న తిండికి ఐజీజీ ఉండటం ఆరోగ్యం. నువ్వు ఉగ్గాని తిన్నావని నీ రక్తం చెబుతోంది, అంతే. యూరప్ అలర్జీ అకాడమీ 2008లోనే ఆహార అలర్జీ నిర్ధారణకు ఈ పరీక్ష వద్దని చెప్పింది. మీ దగ్గరికి ఆ కిట్లు అమ్మేవాళ్ళొస్తే టీ ఇచ్చి పంపించండి. (నవ్వులు)

ఇంకొకటి, మన పొలంగట్లన్నీ ఆక్రమించిన వయ్యారిభామ. కలుపు తీసిన కూలీల మెడ, మోచేతులు, కనురెప్పల మీద నల్లగా, మందంగా వచ్చే పొక్కులకు చాలావరకు ఐజీఈ కారణం కాదు. అవి టి-కణాలనే తెల్ల రక్తకణాల పని. వాళ్ళకు ఐజీఈ పరీక్ష చేసి నార్మల్ అని పంపిస్తే పాపం. వాళ్ళకు కావాల్సింది వీపు మీద పట్టీ వేసి రెండు రోజులకు, నాలుగు రోజులకు చూసే ప్యాచ్ టెస్టు. అదే మొక్క పుప్పొడి ముక్కులోకి పోయి తుమ్ములొస్తే మాత్రం అది ఐజీఈ దారి. ఒకే మొక్క, రెండు దారులు.

ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి. చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, సెట్రిజిన్ వేసుకుని వచ్చిన పేషెంటుకు పరీక్ష చేయొచ్చా?)

మంచి ప్రశ్న. రక్తం తీయొచ్చు, నిస్సందేహంగా. సెట్రిజిన్ హిస్టమిన్‌ను అడ్డుకుంటుంది, ఐజీఈని తగ్గించదు. పరగడుపున రావాల్సిన పని కూడా లేదు. చర్మం మీద గుచ్చి చేసే ప్రిక్ టెస్టుకైతే సెట్రిజిన్ ఆపి దాదాపు వారం ఉండాలి. లేకపోతే దద్దు రాదు, అన్నీ నెగెటివ్ అని రాసేస్తారు. దానికే కదా పక్కన హిస్టమిన్ చుక్క ఒకటి, సెలైన్ చుక్క ఒకటి పెట్టేది. హిస్టమిన్ చుక్క దగ్గర కూడా దద్దు లేవకపోతే ఆ పరీక్షే చెల్లదు. పదిహేను, ఇరవై నిమిషాలకు చూడాలి. మన ఎండకు నల్లబడ్డ చర్మాల మీద ఎరుపు సరిగా కనపడదు. అందుకని కళ్ళను నమ్మొద్దు, వేలితో తడమండి. అంచు తగులుతుంది. అంచు చుట్టూ పెన్నుతో గీసి, దాని మీద టేపు అతికించి, తీసి కాగితం మీద వేసి స్కేలుతో కొలవండి. సెలైన్ కంటే 3 మిల్లీమీటర్లు పెద్దగా ఉంటే పాజిటివ్. ఆ టేపు కాగితాన్ని రోగి ఫైల్లోనే ఉంచండి, వచ్చే ఏడాది పోల్చుకోవడానికి పనికొస్తుంది.